మంచు చూడని టైర్ల గుమాస్తా

పోయిన వారం మా అమ్మాయి సుధ సింగపూరు యీషున్‌లోని మా ఫ్లాటుకి వచ్చి, నా ఎదురుగా సోఫాలో కూర్చుని, నేను కలిపి ఇచ్చిన కాఫీ తాగుతూ నా పాత స్నేహితుడు ఖాదర్‌కి ఫోన్ చేసింది. డిసెంబరు సెలవులకి పిల్లల్ని తీసుకుని జపాన్‌లోని హొక్కైడో వెళుతున్నారు. అక్కడ అద్దెకి తీసుకునే బండికి ఎలాంటి టైర్లు ఉండాలి, మంచులో ఎలా నడపాలి అన్నది దాని సందేహం. ముప్పై ఏళ్ళకి పైగా చలికాలపు టైర్ల కంపెనీలో పనిచేసిన తండ్రి రెండు బారల దూరంలో కూర్చుని ఉండగా, ఆ సందేహం సెరంగూన్‌లో ఉన్న ఖాదర్ అంకుల్‌ దగ్గరికి వెళ్ళింది.

"నన్నడగొచ్చు కదమ్మా" అన్నాను, వీలైనంత మామూలుగా.

"డాడీ, నువ్వు స్నోలో ఎప్పుడూ డ్రైవ్ చెయ్యలేదు లా. అంకుల్ అయితే పికప్ నడిపారు కదా, రియల్ స్నోలో" అంది, ఫోన్ చేత్తో మూసి. తర్వాత అటువైపు వాడు ఏదో అన్నట్టున్నాడు, పకపకా నవ్వింది. ఆదివారం భోజనానికి వచ్చి అన్నీ వివరంగా చెబుతానన్నాడట.

నాకు ఒళ్ళు మండిపోయింది. అరవై దాటినవాణ్ణి, మనవలున్నవాణ్ణి, అయినా మండింది. బీపీకి మాత్ర ఉంది, షుగర్‌కి మాత్ర ఉంది, దీనికి ఏ డాక్టరూ మాత్ర రాసివ్వలేదు. ఖాదర్ మీద నాకున్న అసూయ మా అమ్మాయి కంటే వయసులో పెద్దది. దాన్ని ఇంతకాలం ఎవరికీ చెప్పకుండా పెంచుకుంటూ వచ్చాను. ఆదివారం లోపల దాని పుట్టుపూర్వోత్తరాలు రాసి పెట్టుకుందామని ఈ కాగితాలు ముందేసుకున్నాను. రాయడం మాత్రం ఆదివారం గడిచాక గానీ పూర్తి కాలేదు.

మేమిద్దరం బూన్ లేలో కామాక్షమ్మ ఆంటీ ఇంట్లో వెనకగది అద్దెకి తీసుకుని ఉండేవాళ్ళం. నేను తణుకు నుంచి, ఖాదర్ హైదరాబాదు పాతబస్తీ నుంచి. ఒకే నెలలో వచ్చాం, ఒకే టైర్ల కంపెనీలో చేరాం, ఒకే గదిలో చెరో మంచం. మంచు ఎరగని సింగపూరులో మంచు టైర్లేమిటని అప్పట్లో మా నాన్న ఉత్తరం మీద ఉత్తరం రాసి అడిగేవాడు. జపాన్ నుంచి ఓడల్లో వచ్చిన టైర్లు మా గోడౌన్‌లో దిగేవి. మేము వాటిని రకరకాలుగా ఏరి, కట్టలు కట్టి, చలిదేశాలకి ఎక్కించేవాళ్ళం. రేకుల కప్పు కింద, చొక్కా వీపుకి అంటుకుపోయే ఉక్కలో, ఇరవై ఏడేళ్ళ నేను గడ్డకట్టిన రోడ్ల గురించి పుస్తకాలు చదువుతూ కూర్చునేవాణ్ణి.

రబ్బరు వాసన మా ఒంటికి పట్టేసేది. సాయంత్రం మేము గుమ్మంలో అడుగుపెట్టగానే ఆంటీ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని, "మొదట మండీ, తర్వాత మాకన్! నీళ్ళు పోసుకోకుండా నా వంటింట్లోకి రావద్దు" అని తరిమేది. ఆవిడ మలయాలో పుట్టి పెరిగిన మనిషి. ఆవిడ తెలుగులో అరవం, మలాయి కలగలిసిపోయి ఉండేవి. స్నానాలు చేసి వచ్చేసరికి పళ్ళాలు వేసి ఉండేవి. చేపల పులుసులో చింతపండుతో పాటు కాస్త రొయ్యల ముద్ద కూడా వేసేది ఆవిడ. ఆ వాసన మొదటి వారం నాకు కడుపులో తిప్పింది, రెండో నెలకి అది లేకపోతే ముద్ద దిగేది కాదు. ఖాదర్ కోసమని కోడికూర వేరే గిన్నెలో హలాల్ మాంసంతో వండేది. ఆ గిన్నెలో గరిట నేను పెట్టినా ఒప్పుకునేది కాదు. ఇద్దరికీ సమానంగా వడ్డించేది. నేను మాత్రం ముక్కలు లెక్కపెట్టుకునేవాణ్ణి. నా బుద్ధి అప్పటికే అలా ఉండేది.

ఆవిడ ఫ్రిజ్ పక్కన మేకుకి పంచాంగం వేలాడుతూ ఉండేది. ఏటా రాజమండ్రి నుంచి ఎవరో బంధువు పోస్టులో పంపేవారు. దాని అంచులన్నీ పసుపు వేళ్ళ ముద్రలే. పంచాంగంలో వేళలు ఇండియావి కనక, ప్రతి తిథికీ రెండున్నర గంటలు కలిపి పక్కన పెన్సిల్‌తో సింగపూరు వేళ రాసుకునేది. ఖాదర్ ఆ పెన్సిల్ అంకెలు చూసి, "ఆంటీ, మీ చంద్రుడికి గూడ పాస్‌పోర్ట్ స్టాంపు కొడుతున్నరా?" అనేవాడు. ఆవిడ అట్లకాడ చూపించి బెదిరించేది, నవ్వు ఆపుకుంటూ.

నాకు తెలియని సంగతి లేదు చలికాలపు టైర్ల గురించి. గొప్ప కోసం చెప్పడం లేదు, నిజంగానే లేదు. మామూలు టైరు రబ్బరు చలికి బిగుసుకుపోయి రోడ్డుని పట్టుకోదు. చలికాలపు టైరు రబ్బరు మెత్తన, పైగా దాని మీద బ్లేడుతో గీసినట్టు వందల గాట్లుంటాయి. ఆ గాట్ల అంచులే మంచుని పట్టుకుంటాయి. నున్నటి గడ్డమంచు మీద ఎక్కువగా తిరిగేవాళ్ళకి ఇనప మేకులున్నవి ఇవ్వాలి, ఊళ్ళో తారురోడ్ల మీద తిరిగేవాళ్ళకి మేకులు లేనివి. పికప్ అయితే మరీ జాగ్రత్త. ఇంజను బరువంతా ముందుంటుంది, బండిని నెట్టేవి వెనక చక్రాలు, తొట్టి ఖాళీగా ఉంటే అవి ఉత్తినే తిరుగుతాయి. అందుకని తొట్టిలో ఇసక బస్తాలు వేసుకోవాలి. ఇక అన్నిటికంటే ముఖ్యం, నాలుగు చక్రాలకీ చలికాలపు టైర్లే ఉండాలి. వెనక రెంటికే వేస్తే బండి హాయిగా బయల్దేరుతుంది. మలుపు దగ్గర స్టీరింగ్ తిప్పితే మాత్రం ముందు చక్రాలు వినవు, తిన్నగా పోతాయి.

చదివితే చాల్లేదు నాకు. ఒకరోజు పాడైన టైర్ల నుంచి రెండు ముక్కలు కోసుకొచ్చి, ఒకటి మామూలుది, ఒకటి చలికాలానిది, ఆంటీ ఫ్రిజ్‌లో మంచు అరలో పెట్టాను. మర్నాడు తీసి చూస్తే మామూలు ముక్క గోరు దిగనంత గట్టిపడింది, రెండోది ఇంకా వంగుతోంది. పుస్తకంలో రాసింది నా వేళ్ళకి తెలిసిన ఆ క్షణం ఎంత సంతోషపడ్డానో చెప్పలేను. వెనక నుంచి ఆంటీ కేక వినపడింది. "అయ్యో కడవుళే! నా ఇకాన్ పక్కన టైరు ముక్కలా! ఈ చేప ఇంక ఎవరు తింటారు?" ఆ చేప నేనే తిన్నాను. ఖాదర్ మంచం మీద పడి దొర్లి నవ్వాడు. "అన్నా, నువ్వు ఒక్కసారన్న అసలు మంచు జూడాలె. లేకుంటె ఆంటీ ఫ్రిజ్ ఖతం" అన్నాడు.

ఆ రోజు దగ్గరికి రానే వచ్చింది. మా టౌకే, అంటే మా చైనా యజమాని, ఒక ఉదయం నన్ను పైగదికి పిలిచాడు. మంగోలియాలో మా టైర్లు కొనే ముసలి వ్యాపారి ఒకాయన ఉండేవాడు. అక్కడ మా సరుకు చూసుకోవడానికి, పికప్‌లో చుట్టుపక్కల ఊళ్ళకి చేర్చడానికి, ఏ టైరు ఎలా పనిచేస్తోందో కళ్ళారా చూసి రావడానికి చలికాలమంతా ఒక మనిషి కావాలట. "యూ నో టైర్స్ బెస్ట్. కెన్ గో? టునైట్ టెల్ మీ" అన్నాడు. అప్పుడే, అక్కడే, వెళతానని ఒక్క మాట అంటే అయిపోయేది.

అనలేదు. మధ్యాహ్నం ఇంటికి ఫోన్ చేసి ఆంటీకి చెప్పాను. ఆవిడ ఫోన్ పక్కన పెట్టి పంచాంగం దగ్గరికి వెళ్ళొచ్చింది. "అమావాస్య ఇప్పుడే వచ్చింది రా మూర్తీ. ఇంత దూరప్రయాణానికి అమావాస్యలో మాట ఇవ్వకూడదు. రేపు పదకొండుకి వెళ్ళిపోతుంది, ఒక్క పూట ఆగలేవా?" అంది. ఆగగలననుకున్నాను. మా ఇంట్లో అమావాస్యనాడు కొత్త చొక్కా కూడా తొడుక్కునేవాళ్ళం కాదు. టౌకే దగ్గరికెళ్ళి రేపు చెబుతానన్నాను. ఎందుకని అడిగాడు. ఆలోచించుకోవాలన్నాను. ఆయన భుజాలెగరేసి మళ్ళీ కాగితాల్లో తల దూర్చాడు.

మర్నాడు గోడౌన్ గడియారం కింద నిలబడి పదకొండు కొట్టేదాకా చూశాను. కొట్టగానే మెట్లెక్కాను. టౌకే తల ఎత్తకుండానే, "ఖాదర్ గోయింగ్ ఆల్‌రెడీ" అన్నాడు. తొమ్మిదిన్నరకి వాణ్ణి అడిగాడట. చేతిలో ఉన్న కోపి కప్పు కింద పెట్టకముందే ఖాదర్ సరేనన్నాడట. నన్ను ముందు అడిగిన సంగతి టౌకే వాడికి చెప్పలేదు. నేనూ చెప్పలేదు. ఆంటీ చేత కూడా ఒట్టు వేయించుకున్నాను. అమావాస్య కోసం ఆగి అవకాశం పోగొట్టుకున్నవాడిగా వాడి ముందు నిలబడడం కంటే చచ్చిపోవడం నయమనిపించింది. ఆ రాత్రి వాడు పెట్టె సర్దుకుంటూ, "అన్నా, ఏమేం జూసుకోవాలె, అంత రాసియ్యి" అన్నాడు. టైర్ల రకాలు, గాలి ఎంత పెట్టాలి, ఇసక బస్తాలు ఎన్ని, అన్నీ మూడు కాగితాలు రాసిచ్చాను. అప్పటికి నాలో ఇంకా కాస్త మంచితనం మిగిలి ఉందని దానికి ఆ కాగితాలే సాక్ష్యం. నాలుగు టైర్ల సంగతి మాత్రం రాయలేదు. అది అందరికీ తెలిసిందే కదా అనుకున్నాను అప్పుడు.

తర్వాత ఉత్తరాలు మొదలయ్యాయి. అందులో వాడి ఫోటో ఒకటి వచ్చింది. నీలం రంగు పికప్‌కి చేరబడి నిలబడ్డాడు, నెత్తిన గొర్రెబొచ్చు టోపీ, చుట్టూ కనుచూపు మేర తెల్లదనం. ఆంటీ దాన్ని ఫ్రిజ్ తలుపుకి అంటించింది. నేను మంచినీళ్ళకి వెళ్ళినా వాడే, మజ్జిగకి వెళ్ళినా వాడే. రోజూ అన్నాల దగ్గర ఆంటీ ఉత్తరం తీసి మళ్ళీ చదివించేది. పొద్దున్నే ఇంజనుకి దుప్పటి కప్పి ఉంచుతారట. ఊపిరి పీలిస్తే ముక్కులో వెంట్రుకలు పుల్లల్లా బిరుసెక్కుతాయట. కొత్తగా పడిన మంచు మీద బండి పోతుంటే చప్పుడే ఉండదట, దూది మీద పోయినట్టు ఉంటుందట. ఆ ఒక్క వాక్యం గబగబా చదివేసి కాగితం తిప్పేసేవాణ్ణి. అది నేను వినాల్సిన నిశ్శబ్దం. వాడికి దాని విలువేం తెలుసు? ఏ టైరు గాటు ఎందుకుందో కూడా తెలియనివాడు నా మంచులో తిరుగుతున్నాడు. "పిల్లవాడు ఎంత బాగా రాస్తాడు!" అని ఆంటీ మెచ్చుకుంటే లేచి చెయ్యి కడుక్కునేవాణ్ణి.

ఒక మధ్యాహ్నం ఆఫీసుకి మంగోలియా నుంచి ఫోన్ వచ్చింది. నేనే ఎత్తాను. లైన్లో నా గొంతు నాకే తిరిగి వినపడుతోంది. "అన్నా, ఒక ముచ్చట. రేపు పొద్దుగాల దూరం పోయేదుంది, కొండల దిక్కు. నా బండి టైర్లు అరిగిపోయినయి. ఇక్కడ స్టాకుల మంచివి రెండే మిగిలినయి. ఎనక రెంటికి ఏస్కోని పోవచ్చా? రెండు చాలుతయా?"

నాకు జవాబు తెలుసు. ఆంటీ ఫ్రిజ్‌లోంచి తీసిన రెండు ముక్కల తేడా నా వేళ్ళకి ఇంకా గుర్తుంది. వాడు చావాలని నేను కోరుకోలేదు, దేవుడి తోడు. బండి ఎక్కడో మంచులో జారి దిగబడాలి, టౌకేకి కోపం రావాలి, మూర్తిని పంపి ఉంటే ఇలా అయ్యేది కాదనాలి, వాణ్ణి వెనక్కి పిలిచి నన్ను పంపాలి. అంతే కోరుకున్నాను. అదంతా ఆలోచించడానికి ఊపిరి పీల్చి వదిలినంత సేపే పట్టింది.

"చాలు. వెనక వేసుకో" అన్నాను.

"నువ్వు చెప్పినవంటే అయిపాయె అన్నా" అని పెట్టేశాడు.

ఆ మర్నాడు కొండ దిగుతుంటే మలుపులో బండి తిరగలేదు. తిన్నగా పోయి గోతిలో బోల్తా పడింది. ఎడమ మోచెయ్యి మూడు ముక్కలైంది. అక్కడి ఆస్పత్రిలో కొన్నాళ్ళు ఉండి చేతికి కట్టుతో ఇల్లు చేరాడు. "మంచు గదా, ఎవరి తప్పు గాదు" అన్నాడు అందరితో. రెండు నెలలు పొద్దున్నే వాడి చొక్కా బొత్తాలు నేను పెట్టాను, తల నేను దువ్వాను. ఆంటీ నన్ను చూసి, సొంత తమ్ముడికి కూడా ఎవరూ ఇంత చెయ్యరంది. సిగ్గుతో చచ్చిపోయేవాణ్ణి, కాని అసూయ మాత్రం తగ్గలేదు. గోడౌన్‌లో అందరూ వాడి చుట్టూ చేరి మంచు కబుర్లు అడిగేవాళ్ళు. తర్వాతి ఏడు టౌకే మళ్ళీ మనిషిని పంపాల్సి వచ్చినప్పుడు, నేను అమావాస్య చూడకుండా వెళ్ళి అడిగాను. "ఖాదర్ గో. హి నో ఆల్‌రెడీ" అన్నాడు. నా అబద్ధం వాణ్ణి అనుభవం ఉన్న మనిషిని చేసింది. ఆపైన చలిదేశాలన్నీ వాడివే అయ్యాయి, కాగితాలన్నీ నావి అయ్యాయి. నేను పంతం కొద్దీ సెలవులకి కూడా మంచున్న చోటికి పోలేదు. మా ఆవిడ పోరి పోరి విసిగిపోయి, అక్కచెల్లెళ్ళతో కలిసి వెళ్ళి చూసొచ్చింది.

ఇప్పుడు ఆంటీ లేదు. బూన్ లేలో మా పాత బ్లాకు కూల్చేశారు. చలికాలపు టైరు పక్కగోడ మీద ఇప్పుడు మంచురేకు ఉన్న కొండ బొమ్మ అచ్చువేస్తున్నారు. ఆ బొమ్మ చూసి ఎవరైనా కొనుక్కోవచ్చు, నాలాంటివాడి అవసరం లేదు. మనుషులు ఒకరి మాట పట్టుకుని బండి తీసే రోజులు కావివి. అప్పట్లో ఫోన్లో అన్న ఒక్క మాటకి అంత బరువుండేది.

ఆదివారం ఖాదర్ వచ్చాడు. కొడుకు కారులో తెచ్చి కింద దింపి వెళ్ళాడట. బల్ల దగ్గర మా సుధ నోటుపుస్తకం తీసి కూర్చుంది. అది నా మాటలు ఎప్పుడూ అలా రాసుకోలేదు. "బిడ్డా, ముందుగాల నాలుగు టైర్లు చూస్కో. నాలుగిటికి ఆ కొండ బొమ్మ ఉండాలె. రెండు ఉన్నయి చాలు అంటే బండి ముట్టకు" అన్నాడు.

"టూ ఈజ్ నాట్ ఇనఫ్ ఆ? వై?" అంది సుధ.

ఖాదర్ చొక్కా చెయ్యి పైకి లాగి, తిన్నగా చాచలేని మోచెయ్యి చూపించాడు. నవ్వుతూ చెప్పాడు. "అప్పట్ల మాకేం తెల్సు బిడ్డా! అక్కడి ముసలాయన నాలుగేస్తెనే పో, లేకుంటె రెండు దినాలు ఆగు, సరుకొస్తది అన్నడు. నా చెయ్యి పట్టుకోని ఆపిండు. నేను ఇన్లే. మా మూర్తన్నకు ఫోన్ జేసిన, అన్న రెండు చాలన్నడు, ఆయనకంటె ఎక్కువ నీకు తెల్సా అని ముసలాయన్నే తిట్టిన. మీ నాయిన గూడ ఎన్నడు మంచు జూడలే గదా, పాపం. పుస్తకాల అట్ల రాసిన్రేమో."

ముసలాయన ఆపాడన్న సంగతి నేను ఇన్నేళ్ళలో ఎప్పుడూ వినలేదు. చెప్తే నేను బాధపడతానని దాచాడట. సుధ నా వైపు జాలిగా చూసింది. డాడీకి తెలియదు పాపం, అన్నట్టు. నాకు తెలియదని నా కూతురు, ఖాదర్ ఇద్దరూ నన్ను క్షమించేశారు.

భోజనాలయ్యాక వాణ్ణి దింపడానికి లిఫ్టు దాకా వెళ్ళాను. వాడు మీట నొక్కబోతుంటే చెయ్యి పట్టుకున్నాను.

"ఖాదర్, నాకు తెలుసు. నాలుగు ఉండాలని నాకు అప్పుడే తెలుసు."

వాడికి అర్థం కాలేదు. మళ్ళీ చెప్పాను. టౌకే ముందు నన్ను అడిగాడని, అమావాస్య వెళ్ళేదాకా ఆగానని, పదకొండు గంటలకి మెట్లెక్కానని, వాడి ఫోటో ఫ్రిజ్ మీద చూడలేకపోయానని, అన్నీ చెప్పేశాను. లిఫ్టు వచ్చి తలుపు తెరుచుకుని, మూసుకుని వెళ్ళిపోయింది. ఖాదర్ గోడకి ఆనుకుని తన మోచేతిని రెండో చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. వాడి మొహంలో నవ్వు లేకపోవడం నేను మొదటిసారి చూశాను.

"మంచు మీద నాకేం మోజు అన్నా? నువ్వు రోజు చెప్పే ముచ్చట్లు ఇనీ ఇనీ పోదామనిపిచ్చింది. నిన్ను ముందు అడిగిన్రని ఒక్క మాట చెప్తే, నేనే పోకపోదును."

లిఫ్టు మళ్ళీ వచ్చింది. లోపలికి వెళ్ళి, తలుపు మూసుకోకుండా కాలు అడ్డం పెట్టాడు.

"ఈ ముచ్చట మా ఇంట్ల ఎవరికి చెప్పకు. మా పిల్లలకు నువ్వంటే మస్తు ఇజ్జత్" అన్నాడు. కాలు తీశాడు.

నేను అక్కడే నిలబడ్డాను. ఆ మంచు మీద నాకు ఇప్పుడు ఏ కోరికా లేదు. సుధ టికెట్టు కొనిచ్చి రమ్మన్నా వెళ్ళలేను. పోకపోదును అని అంత తేలిగ్గా అనగలిగాడే, నిజంగానే ఆగిపోయి ఉండేవాడే, అదే నన్ను తినేస్తోంది. వాడి స్థానంలో నేనుంటే ఆగేవాణ్ణి కానని నాకు బాగా తెలుసు. ఖాదర్‌ని చూసి నేను ఇంత అసూయ ఎప్పుడూ పడలేదు.